నార్సింగి సముద్రతీరంలో మా ఇంటి కప్పు

మాది సముద్రతీరపు ఇల్లు. హైదరాబాదు శివార్లలో, నార్సింగిలో ఉంది.

సముద్రం ఎక్కడ అని అడిగేవాళ్లంటే మా ఆయనకు ఇప్పటికీ గిట్టదు. సముద్రం ఉండడం వేరు, సముద్రతీరపు శైలి వేరు అని ఆయన వాదన. బయటి గోడల నిండా చెక్క పలకలు, తెల్ల కిటికీలు, ముందు వరండా, అందులో తాళ్లతో అల్లిన ఉయ్యాల. చుట్టుపక్కల అందరూ నాలుగంతస్తులు లేపి కిరాయికి ఇచ్చుకుంటుంటే మేం మాత్రం ఒక్క అంతస్తుతో ఆపేశాం. బీచ్ ఇల్లంటే నేలను హత్తుకుని ఉండాలన్నాడు మా ఆర్కిటెక్టు. ఆ కుర్రాడే ఒకరోజు కప్పు మీద నిలబడి, ఔటర్ రింగ్ రోడ్డు మీద లారీల హోరు వింటూ కళ్లు మూసుకుని, "అలల సౌండ్‌లా లేదా మేడమ్?" అన్నాడు. నాది అనంతపురం. అలల సౌండు గురించి నాకేం తెలుసు? లారీ సౌండు మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. అది లారీయే.

మా వైపు వాన కోసం కప్పలకు పెళ్లి చేస్తారు. బాజాలు పెట్టి, ఊరేగించి, ఎదురు చూస్తారు. అయినా పడదు. అలాంటి ఊరి నుంచి నేను వాన పేరు చెబితే వణికిపోయే ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన వాళ్లది కృష్ణా జిల్లాలో నిజంగానే సముద్రం పక్కనుండే పల్లె. ఆ సముద్రాన్నీ, ఆ వాననూ వదిలించుకుని హైదరాబాదు వచ్చి, మళ్లీ డబ్బులు పోసి సముద్రతీరపు ఇల్లెందుకని నేను అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. అనంతపురం వాళ్లకు కొన్ని విషయాలు అర్థం కావని ఆ చూపుకు అర్థం.

నిజానికి ఆ ఇల్లు కట్టింది మా అత్తయ్య కోసం. ఆ మాట ఆయన పైకి అనడు. ఆఫీసులో వాళ్లకు ‘బీచ్ హౌస్’ అనే చెప్పుకుంటాడు.

మా అత్తయ్య ఏ కప్పు కింద పడుకుంటే ఆ కప్పు కారింది. చిన్నతనంలో తుఫాను గాలికి తాటాకు కప్పు ఎగిరిపోతే తెల్లారేదాకా తడుస్తూ కూర్చుందట. పెళ్లయ్యాక పెంకుటిల్లు. అక్కడ కోతులు పెంకులు కదిపేవి. మామయ్యగారి ఉద్యోగంతో వచ్చినవి గవర్నమెంటు క్వార్టర్సు. అవి కారకపోతే గవర్నమెంటువి ఎలా అవుతాయి? ఆఖరికి లింగంపల్లిలో మేం కిరాయికున్న అపార్టుమెంటులోనూ అదే వరస. మాది చివరి అంతస్తు. గదులన్నీ పొడిగా ఉండేవి, ఆమె గదిలోనే చెమ్మ, సరిగ్గా ఆమె మంచం మీదే చుక్క. మంచం జరిపితే నాలుగు రోజులకు చుక్క కూడా జరిగేది. నేనే చూశాను కాబట్టి చెబుతున్నాను. లేకపోతే నమ్మేదాన్ని కాదు.

"వాన నా జాతకంలో ఉందమ్మాయ్. నన్ను వెతుక్కుంటూ వస్తుంది," అనేది. కోపంగా కాదు. చుట్టం వస్తున్నాడని చెప్పినంత మామూలుగా అనేది. మంచం కింద ఎప్పుడూ ఒక సత్తు బేసిను ఉండేది. మబ్బు పట్టగానే దాన్ని బయటికి లాగి పెట్టుకుని మంచం మీద కూర్చునేది. వాన ఆగేదాకా నడుం వాల్చేది కాదు. కొత్తలో ఒకసారి నేను, "వానేగా అత్తయ్యా, పడుకోండి," అన్నాను. "వానేగా అనకమ్మాయ్. అది కప్పున్నవాళ్లు అనుకునే మాట," అంది. మళ్లీ నేనెప్పుడూ ఆమె ముందు ఆ మాట అనలేదు.

కాబట్టి ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన గోడల కంటే కప్పు గురించే ఎక్కువ ఆలోచించాడు. మాదాపూర్‌లో ఆయన ఉద్యోగం ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. అందులో ఆయన్ను మించినవాడు లేడని అక్కడ పేరు. ఇంట్లో కూడా తప్పులు బాగానే వెతుకుతాడు, కాకపోతే ఇక్కడ జీతం రాదు. కప్పు పనిని కూడా ఆఫీసు పనిలాగే నడిపించాడు. పొద్దున్నే కాంట్రాక్టరును స్లాబు మీద నిలబెట్టి, నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకు అడ్డం ఏముంది అని మీటింగు పెట్టేవాడు. కాంట్రాక్టరు మా కారు కంటే పెద్ద కారులో వచ్చేవాడు. మీటింగంతా ఫోను చూసుకుంటూ నిలబడి, చివర్లో, "అడ్డం అంటే ఇగ మీరే సార్, జర పక్కకి జరిగితే పని జేసుకుంటం," అన్నాడు.

పని మాత్రం చూడముచ్చటగా చేయించాడు. స్లాబు మీద నల్లటి తారు షీట్లు పరిచి, గ్యాసు మంటతో కాల్చి అతికించారు. దాని మీద తెల్లరంగు కోట్లు. పిట్టగోడ ఉంటే బీచ్ లుక్ పోతుందని ఆర్కిటెక్టు పిట్టగోడ వద్దన్నాడు, అంచున చిన్న గట్టు మాత్రం వదిలాడు. ఆ తర్వాత పరీక్ష. కప్పు మీద నీళ్లు నిలబెట్టి, కింద స్లాబు తడుస్తుందేమో చూడాలి. మండు వేసవి. నార్సింగిలో తాగడానికే ట్యాంకరు కోసం కొట్టుకుంటున్నాం. మేం ట్యాంకరు తెప్పించి, నీళ్లు ఇంట్లోకి రావడం లేదని తెలుసుకోవడానికి ఇంటి నెత్తిన పోశాం. అనంతపురంలో పుట్టినదాన్ని, ఆ దృశ్యం చూడలేక లోపలికి వెళ్లిపోయాను.

ఒక్క చుక్క దిగలేదు. మా ఆయన గదిగదికీ తిరిగి సీలింగును చేత్తో తడిమి చూశాడు. కాంట్రాక్టరు తలెత్తుకుని, "దీని మీద చెరువు దెచ్చి పెట్టినా సుక్క దిగది సార్. ఫికర్ జేయకుండ్రి. గని దీంట్ల మేకు మాత్రం గొట్టద్దు," అన్నాడు. మా ఆయన ఆ మాటను ఫోనులో రికార్డు కూడా చేసుకున్నాడు.

గృహప్రవేశానికి ముందు రోజు మా అత్తయ్య ఇల్లంతా తిరిగి చూసి, ముందు గదిలో తన మంచం ఎక్కడ వేయాలో చూపించి, గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "దిష్టి గుమ్మడికాయ ఏదిరా అబ్బాయ్?" అని అడిగింది. ఇంత కప్పు వేశారు, దారిన పోయేవాళ్లంతా ఆగి మరీ చూస్తున్నారు, గుమ్మానికి ఎదురుగా బూడిద గుమ్మడికాయ వేలాడదీయకుండా పాలు పొంగించేది లేదని తేల్చేసింది.

కొక్కెం ఎక్కడ కొట్టాలన్నదే సమస్య. ఇంటి ముందంతా చెక్క. ఆర్కిటెక్టుకు ఫోను చేస్తే అరగంటలో ఊడిపడ్డాడు. "చెక్కకి బెజ్జమా సార్? అది బ్రీత్ చేసే మెటీరియల్. ఒక్క హోల్ పడితే తేమ లోపలికెళ్లి మొత్తం పాడవుతుంది," అని గుండెలు బాదుకున్నాడు. పైగా గుమ్మడికాయ తన డిజైనులోనే లేదన్నాడు. నువ్వు డిజైను చేసిన ఇంట్లోకి అడుగే పెట్టనని అత్తయ్య అంది. మధ్యలో మా ఆయన. ఆయన మొహంలో అకస్మాత్తుగా వెలుగు కనిపించింది. ఆన్‌లైన్లో కొన్న డ్రిల్లు మిషను ఒకటి పెట్టెలోంచి కూడా తీయకుండా మూలుగుతోంది. దాన్ని తీసుకుని వెనక మెట్ల మీదుగా పైకి వెళ్లాడు. కాసేపు గుర్రుమన్న శబ్దం. తర్వాత చూస్తే కప్పు అంచు మీంచి ఒక ఇనప కడ్డీ ఇంటి ముందుకు వంగి వచ్చింది. దాని చివర పసుపు, కుంకుమ పూసిన గుమ్మడికాయ వలలో వేలాడింది. చెక్కకు గీత కూడా పడలేదు. ఆర్కిటెక్టు భలే సొల్యూషన్ అని మెచ్చుకున్నాడు. అత్తయ్య కూడా మెచ్చుకుంది. కడ్డీని పైన దేనికి బిగించావని మాలో ఎవరూ అడగలేదు. అంత సంతోషంగా ఉన్నాం.

పాలు పొంగాయి. చుట్టాలు కప్పు మీదికెళ్లి ఫోటోలు దిగారు. తర్వాత మొదటి వాన వచ్చింది.

శనివారం సాయంత్రం. మా ఆయన వరండా ఉయ్యాలలో కూర్చుని వానను ఆస్వాదిస్తున్నాడు. కప్పు టెస్టులో పాసయ్యిందన్న తృప్తి మొహంలో. నేను అత్తయ్యకు టీ తీసుకెళ్లాను. ఆమె మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. దిండు ఉండాల్సిన చోట సత్తు బేసిను ఉంది. అందులో టప్, టప్ మని చప్పుడు. ఆమె నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"అబ్బాయికి చెప్పకమ్మాయ్. ముచ్చట పడి కట్టుకున్నాడు," అంది.

చెప్పకుండా ఎలా ఉంటాం? చుక్క పడేది తల మీద కదా.

ఆయన వచ్చి సీలింగు వైపు చూసి, ఆఫీసు మొదలుపెట్టాడు. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపటికొకటి పడుతోంది, ఎక్కడ పడుతోంది అని వాళ్లమ్మను ప్రశ్నలు వేశాడు. "నెత్తి మీదరా," అందావిడ. అంతకంటే వివరంగా ఎవరు చెప్పగలరు?

కాంట్రాక్టరు పెద్ద కారులో వచ్చాడు. పైకెక్కి చూసి, "మా షీటు గాదు సార్, గ్యారంటీ. మీ చెక్క సందులకెళ్లి వస్తుంది గిదంత," అన్నాడు. ఆర్కిటెక్టు వచ్చి చెక్క సందుల్లో వేలు పెట్టి చూసి, చెక్క నిర్దోషి అని, వాటర్‌ప్రూఫింగ్‌దే తప్పని తేల్చాడు. ఇద్దరూ మా వరండాలో నిలబడి మా టీలు తాగుతూ ఒకరినొకరు చూపించుకున్నారు. చివరికి కాంట్రాక్టరు కప్పంతా ఇంకో కోటు పూశాడు. కడ్డీ, కడ్డీ కింద ఇనప ప్లేటు, దాని బోల్టులు, దేన్నీ వదలకుండా అన్నిటి మీదా తెల్లగా పూసి వెళ్లాడని మాకు తర్వాత తెలిసింది.

మళ్లీ వాన. మళ్లీ చుక్క. ఈసారి కొంచెం గట్టిగా.

ఈ లోపల గుమ్మడికాయ కుళ్లిపోయింది. తడిసి తడిసి నల్లబడి ఈగలు ముసిరాయి. అత్తయ్య దాన్ని చూసి తల పంకించింది. "చూశావా, ఎంత దిష్టి లాగిందో. ఈ కాయ సరిపోలేదు," అంది. మా ఆయన దేవుణ్ణి నమ్మడు, కానీ అమ్మ మాట కాదనడు. వరండా ముందు నిచ్చెన వేసుకుని ఇంకా పెద్ద కాయ కట్టాడు. దాని బరువుకు కడ్డీ మరికాస్త వంగింది. తర్వాతి వానకు చుక్క ధారయింది.

అలా మా ఇంట్లో రెండు వైద్యాలు సమాంతరంగా సాగాయి. కొడుకు కప్పు మీద కోటు వేయించేవాడు, తల్లి కాయ సైజు పెంచేది. నేను ఆఫీసు నుంచి వచ్చి బేసిను పారబోసేదాన్ని. మధ్యలో ఆయన గోడలోని చెమ్మ చూసే మీటరు కూడా ఒకటి తెప్పించాడు. దాన్ని సీలింగుకు ఆనించి, చెమ్మ ఉందని చెప్పాడు. బేసిను ఆ మాట ఎప్పుడో చెప్పిందని నేనన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నవ్వులాట అక్కడితో ఆగింది. ఒక ఆదివారం పొద్దున అత్తయ్య గదిలోకి వెళ్లేసరికి ఆమె చీరలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటోంది.

"అమావాస్యకి కొత్త కాయ కట్టించేసి నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతానమ్మాయ్," అంది. "ఇల్లు బంగారంలా ఉంది. నేనుండబట్టే వస్తోంది. చూడు, మీ గదిలో పడిందా? హాల్లో పడిందా? నేను వెళ్లిపోతే మీ ఇల్లు కారదు."

"అదేం మాటత్తయ్యా, మీ కోసమే కట్టారాయన," అన్నాను.

"తెలుసమ్మా. అందుకే వెళ్తానంటున్నాను. వాడి కష్టం నా మూలంగా పాడవడం ఎందుకు?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెను గట్టిగా తిట్టాలనీ అనిపించింది. ఒక మనిషి జీవితమంతా తడిసి, ఆ తప్పు కూడా తనదే అనుకుంటే ఏం చెప్పాలి? ఆయనకు చెబితే కప్పు మీదికి వెళ్లి చాలాసేపు కూర్చున్నాడు. దిగి వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ధూళి పడిందన్నాడు. తెల్లరంగు తప్ప పైన ధూళి ఎక్కడుంది?

అమావాస్య నాడు ఆయన సెలవు పెట్టి, మార్కెట్లో దొరికిన వాటిల్లోకెల్లా పెద్ద గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చాడు. తల్లి వెళ్లే ముందు అడిగిన ఆఖరి పని, దానిలో లోటు రాకూడదని. కడ్డీ అప్పటికే బాగా వంగిపోయింది. ఈ కాయ కడితే వరండా మెట్ల మీద కూర్చునేలా ఉంది. పైకెళ్లి కడ్డీని సరిగ్గా నిలబెట్టి బిగించాలన్నాడు. కాయ నేను మోశాను. అత్తయ్య పసుపు, కుంకుమ పళ్లెంతో కింద నిలబడింది.

ఆయన అంచు దగ్గర కూర్చుని కడ్డీని రెండు చేతులా పట్టుకుని కాస్త వెనక్కి లాగాడు, అంతే. కడ్డీ, ఇనప ప్లేటు, బోల్టులు అన్నీ కలిసి ఆయన చేతిలోకి వచ్చేశాయి. వచ్చిన చోట నాలుగు బెజ్జాలు. నల్ల షీటును చీల్చుకుని స్లాబులోకి దిగిన బెజ్జాలు. వాటి నిండా నీళ్లు. గాలికి ఆ నీళ్లు సన్నగా వణుకుతున్నాయి.

మాదాపూర్‌లో తప్పులు వెతకడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఆ బెజ్జాలకేసి అలా చూస్తూనే ఉండిపోయాడు. అవి తను చేసిన రంధ్రాలే అని గుర్తు పట్టడానికి చాలా సమయం పట్టింది.

"ఏమండీ," అన్నాను, "ఆ రోజు డ్రిల్లు మిషను ఇక్కడేనా వాడారు?"

ఆయన తల ఊపాడు. గుమ్మడికాయ ఇంకా నా చేతుల్లోనే ఉంది.

కింద నుంచి అత్తయ్య, "ఏమైందిరా?" అని అరిచి, ఎవరూ పలకకపోయేసరికి వెనక మెట్లు ఎక్కుతూ పైకి వచ్చింది. ఇల్లు కట్టినప్పటి నుంచి ఆమె కప్పు మీదికి రావడం అదే మొదటిసారి. ఆయాసపడుతూ వచ్చి, కొడుకు చేతిలో కడ్డీని, కింద బెజ్జాలను చూసింది. వంగి ఒక బెజ్జంలో వేలు పెట్టింది. వేలు తడిగా బయటికొచ్చింది.

"ఇది ఎవరు చేశార్రా?"

"నేనేనమ్మా. చెక్కకి కొట్టొద్దన్నారుగా. పిట్టగోడ కూడా లేదు. అందుకని..."

"ఎందుకోసం?"

"నువ్వే గుమ్మడికాయ కట్టమన్నావుగా."

"ఇది సరిగ్గా నా గది మీద ఉందా?"

"ముందు గదేగా. పైనే ఉంది."

ఆమె కప్పు మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని నేను గుమ్మడికాయ పక్కన పెట్టి దగ్గరికి వెళ్లాను. ఆమె నవ్వుతోంది. పళ్లెంలో పసుపు చీర మీద ఒలికిపోతున్నా పట్టించుకోకుండా నవ్వుతోంది. ఇన్నేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

"ఒరేయ్ దిష్టి తియ్యమంటే బెజ్జం తీశావా!" అంది ఊపిరి తిప్పుకుంటూ. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, అయితే వాన నా కోసం రాలేదన్నమాట. బెజ్జం ఉంది, వచ్చింది. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"లింగంపల్లిలోనూ ఏదో బెజ్జమే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది అత్తయ్యా. క్వార్టర్సులో కూడా."

ఆ మాట ఆమె తనలో తాను రెండు మూడుసార్లు అనుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని కిందికి దిగింది. సంచిలోంచి చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టుకుంది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాంట్రాక్టరు వచ్చి బెజ్జాలు చూసి, మా ఆయన్ను ఎగాదిగా చూసి, ఫోనులో ఏదో మెసేజి చూస్తున్నట్టు నటించాడు. పాపం, నవ్వు ఆపుకోవడానికి. షీటు ముక్క అతికించి వెళ్లాడు. గుమ్మడికాయను గేటు ఇనప చువ్వలకు తాడుతో కట్టాం. ఒక్క బెజ్జం కూడా అక్కర్లేదు. ఈ ఆలోచన మొదట ఎవరికీ ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు. మాలో ముగ్గురం డిగ్రీలు చదివినవాళ్లం, ఆర్కిటెక్టును కూడా కలుపుకుంటే.

తర్వాత ఒక మధ్యాహ్నం జోరు వాన పట్టింది. ఔటర్ రింగ్ రోడ్డు కూడా కనిపించనంత వాన. నేను ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాను. వాన ఎప్పుడు పడినా ఆనందించే అనంతపురం మనిషిని, ఆ రోజు మాత్రం లాప్‌టాప్ మీద దృష్టి నిలవలేదు. లేచి వంటింట్లోంచి సత్తు బేసిను తీసుకుని అత్తయ్య గది దగ్గరికి వెళ్లాను. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని, నోరు కాస్త తెరిచి గురక పెడుతోంది. పైన కప్పు మీద వాన దబదబ మోగుతోంది. నేను బేసిను పట్టుకుని సీలింగు వైపు చూస్తూ గుమ్మంలోనే నిలబడ్డాను. ఒకటి పడుతుందేమో, ఇప్పుడు పడుతుందేమో అని.

ఆమె ఒక కన్ను తెరిచింది.

"ఎందుకమ్మాయ్ అక్కడ నిలబడ్డావు?"

"ఏం లేదత్తయ్యా, వాన..."

"వానేగా," అంది అత్తయ్య. "ఆ బేసినులో పకోడీలకి పిండి కలుపు, నేను కాసేపాగి లేస్తాను." అని అటు తిరిగి పడుకుంది.